కంప్యూటరు వ్యవస్థల రూపకల్పన – సాంఘిక శాస్త్ర పరిశోధన

కంప్యూటరు శాస్త్రము చదువు విద్యార్థికి సాంఘిక శాస్త్రములతో నిమిత్తము లేదనియు, అర్థశాస్త్రమో రాజనీతి శాస్త్రమో చదువు విద్యార్థికి కంప్యూటరు కేవలము ఒక మంచి టైపు మిషను వంటిదనియు మన కళాశాలలలో ఒక అభిప్రాయము గట్టిగా నాటుకొని ఉన్నది. ఈ రెండు తరగతుల వారు ఒకే వరండాలో నడుతురు, ఒకే క్యాంటీనులో టీ త్రాగుదురు, కాని ఒకరి ప్రశ్న మరియొకరికి తెలియదు. ఈ గోడ ఎంత అనవసరమైనదో మన తెలుగు జిల్లాలలోనే జరిగిన ఒక గొప్ప పరిశోధన ఆధారముగా వివరింప ప్రయత్నింతుము.

ముందుగా పంపిణీ వ్యవస్థ అనగా ఏమో చూతము. లెక్క అంతయు ఒకే యంత్రములో ఉండక, దూరదూరముననున్న అనేక యంత్రములలో పంచబడి, అవి యన్నియు తమలో తాము కబురులు పంపుకొనుచు ఒకే యంత్రమువలె పనిచేసినచో దానిని పంపిణీ వ్యవస్థ యందురు. మనకు చిరపరిచితమైన ఉదాహరణము రైల్వే రిజర్వేషను. ఢిల్లీ, ముంబయి, కోల్‌కతా, చెన్నై, సికిందరాబాదు అను ఐదు కేంద్రములలో వేరువేరుగా నున్న రిజర్వేషను లెక్కలు 1999లో ఒకదానితో నొకటి కలుపబడినవి. నాటినుండి ఏ ఊరి కౌంటరులోనైనను ఏ రైలుకైనను టిక్కెట్టు అడుగుట సాధ్యమైనది. దువ్వాడలో ఎక్కి సికిందరాబాదు పోవు రైలులో ఒకే బెర్తు మిగిలియున్నదనుకొందము. అదే క్షణమున దువ్వాడలో ఒకరు, సికిందరాబాదులో ఒకరు దానిని అడిగిరి. ఎవరికి ఇయ్యవలెను? రెండు కౌంటరులు ఒకే లెక్క పుస్తకమును సంప్రదించినంతవరకు చిక్కు లేదు. ముందు వచ్చిన కబురుకు బెర్తు, తరువాత వచ్చిన దానికి వెయిటింగు లిస్టు.

నడుమ తీగె తెగినప్పుడే అసలు చిక్కు. అప్పుడు కౌంటరు ముందు రెండే దారులుండును. కేంద్రముతో మాట కలియువరకు టిక్కెట్టు ఇయ్యనని కిటికీ మూయుట ఒకటి. తన వద్దనున్న పాత లెక్కను నమ్మి టిక్కెట్టు ఇచ్చివేసి, పొరపాటున్నచో తరువాత సరిచేసుకొనుట రెండవది. లెక్క ఎల్లవేళల తప్పు లేకుండవలెను, కిటికీ ఎల్లవేళల తెరచియుండవలెను అని రెండును కోరుట, తీగె తెగు లోకములో సాధ్యము కాదు. అమెరికా శాస్త్రవేత్త ఎరిక్ బ్రూయర్ 2000లో ఈ మాటను ఒక ఊహగా ప్రకటించెను. 2002లో సేత్ గిల్బర్ట్, నాన్సీ లించ్ దానిని గణితపద్ధతిలో నిరూపించిరి. కంప్యూటరు విద్యార్థులు దీనిని పరీక్ష కొరకు కంఠస్థము చేయుదురు. కాని ఏ దారిని ఎన్నుకొనవలెనో ఆ సిద్ధాంతము చెప్పదు, చెప్పజాలదు.

బెర్తు విషయములో కిటికీ మూయుటయే మంచిది. ఒకే బెర్తుపై ఇద్దరిని కూర్చుండబెట్టుటకన్న ఒకరిని అరగంట నిలబెట్టుట మేలు. ఆ కిటికీ ముందు నిలిచినది వృద్ధాప్య పింఛను కొరకు వచ్చిన ముదుసలి యైనచో? ఆమెను నేడు పొమ్మన్నచో రేపు కూలి మానుకొని ఎవరో ఆమెను మరల తీసికొని రావలెను. రెండు పర్యాయములు పొమ్మన్నచో మూడవసారి రాకపోవచ్చును. ఒక పింఛను పొరపాటున రెండుసార్లు చెల్లిన నష్టమెంత, ఒక అర్హురాలికి అసలే చెల్లకపోయిన నష్టమెంత అని తూచుట గణితము పని కాదు. గ్రామములకు వెళ్ళి, మనుష్యులను అడిగి, లెక్కించి తెలిసికొనవలసిన సంగతి యిది.

ఆ పని మన రాష్ట్రములో నిజముగా జరిగినది. 2006లో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వము ఉపాధి హామీ కూలీని, సాంఘిక భద్రతా పింఛనులను స్మార్టు కార్డుల ద్వారా చెల్లింపనారంభించెను. అంతకు పూర్వము కూలి డబ్బు చాలచోట్ల పోస్టాఫీసు ద్వారా చేరెడిది. పింఛను గ్రామాధికారుల చేతిమీదుగా అందెడిది. కొత్త పద్ధతిలో లబ్ధిదారుని ఫోటో, వేలిముద్రలు కార్డులోని చిన్న చిప్పులో భద్రపరచబడినవి. గ్రామములో చెల్లించు మనిషి వద్ద చేతిలో పట్టుకొను యంత్రము ఉండెడిది. అది కార్డులోని ముద్రను, ఎదుట నున్న వ్రేలిని పోల్చిచూచి, సరిపోయినచో రసీదు అచ్చువేసెడిది. చదువురాని వారి కొరకు ఎంత సొమ్ము చెల్లినదో తెలుగులో బిగ్గరగా చెప్పు ఏర్పాటు కూడ ఉండెను.

ఇందులోని కీలకము పాఠకులు గమనింపవలెను. ఆ మనిషి ఎవరో తెలుపు సాక్ష్యము దూరమున ఎక్కడో కేంద్ర కంప్యూటరులో కాక, ఆమె కొంగున ముడివేసికొన్న కార్డులోనే ఉన్నది. పోల్చిచూచుట గ్రామములోనే జరుగును. మన పూర్వపు వర్తకుల హుండీ ఇట్టిదే గదా! ఒక పట్టణమున వ్రాసిన కాగితమును చూచి మరియొక పట్టణమునందలి షావుకారు సొమ్ము చెల్లించెడివాడు. వ్రాసినవానిని అడిగిరమ్మని మనిషిని పంపెడివాడు కాదు. ఇద్దరి లెక్క తరువాత కలిసెడిది. ఉర్దూ విభాగపు మిత్రులకు ఈ మాట వివరింప నక్కరలేదు, హుండీ వారి వ్యాపార కుటుంబములలోను వాడుక పదమే.

యంత్రముతోపాటు మనిషిని గూర్చియు నియమములు ఏర్పరచబడినవి. చెల్లింపు చేయునది ఆ గ్రామములోనే నివసించు స్త్రీయై యుండవలెను. ఉన్నత పాఠశాల చదువు పూర్తిచేసి, స్వయం సహాయక సంఘములో సభ్యురాలై యుండవలెను. గ్రామాధికారులకు బంధువు కాకూడదు. వెనుకబడిన వర్గములకు చెందినదైనచో మరింత మంచిది. ఈ నియమములు ఏ ప్రోగ్రాములోను వ్రాయబడలేదు, కాని ప్రోగ్రాములోని ఏ పంక్తి కంటెను ఇవి తక్కువవి కావని మా అభిప్రాయము. మెల్విన్ కాన్వే అను కంప్యూటరు నిపుణుడు 1968లోనే ఒక సంగతి కనిపెట్టి వ్రాసెను: ఒక సంస్థ తయారుచేయు వ్యవస్థలో ఆ సంస్థలోని మనుష్యుల మధ్య మాటలు నడచు తీరే అచ్చుపడును. బ్యాంకు, దానిచే నియమింపబడిన కంపెనీ, గ్రామములోని స్త్రీ – ఈ మూడు చేతులు కలిసినచోట స్మార్టు కార్డు బాగుగ నడచెను. కలియనిచోట యంత్రములు వచ్చియు పని సాగలేదు.

ఇక పరిశోధన సంగతి. కాలిఫోర్నియా విశ్వవిద్యాలయపు శాన్ డియాగో శాఖకు చెందిన కార్తీక్ మురళీధరన్, పాల్ నీహౌస్, వర్జీనియా విశ్వవిద్యాలయమునకు చెందిన సందీప్ సుఖ్తాంకర్ రాష్ట్ర ప్రభుత్వముతో కలిసి 2010–2012 మధ్య దీనిని పరీక్షించిరి. ఆదిలాబాదు, అనంతపురము, కడప, ఖమ్మము, కర్నూలు, నల్లగొండ, నెల్లూరు, విజయనగరము – ఈ ఎనిమిది జిల్లాలు అందుకు రంగస్థలము. విజయనగరము మనకు రైలులో ఎక్కి దిగునంత దూరము. మన విద్యార్థులలో కొందరి స్వగ్రామములు ఆ జిల్లాలోనే ఉన్నవి. 157 మండలములలో, సుమారు 1 కోటి 90 లక్షల జనాభా నడుమ, ఏ మండలమునకు కార్డులు ముందు రావలెను, ఏ మండలమునకు వెనుక రావలెను అనునది చీటీలు వేసినట్లు నిర్ణయించిరి. 112 మండలములు ముందు వరుసలో, 45 చివరి వరుసలో పడినవి.

చీటీలు ఎందుకు? ఈ ప్రశ్న వద్ద కొంత నిలువవలసి యున్నది, ఏలనన సాంఘిక శాస్త్రమునకు శాస్త్రమను పేరు ఇచ్చట సార్థకమగుచున్నది. కార్డులు ముందుగా చురుకైన అధికారులున్న మండలములకు ఇచ్చియుండిన, అచ్చట కూలి త్వరగా అందినచో అది కార్డు గొప్పయా, అధికారి గొప్పయా తెలియదు. చీటీ వేసినప్పుడు మంచి అధికారి, చెడ్డ అధికారి, వానలు, కరువు అన్నియు రెండు వైపులను ఇంచుమించు సమానముగా పడును. మిగిలిన తేడా కార్డుదే. మరియొక జాగ్రత్త కూడ తీసికొనిరి. కార్డు అందినవారిని, అందనివారిని పోల్చలేదు; కార్డులు ముందు రావలసిన మండలమంతటిని, వెనుక రావలసిన మండలమంతటితో పోల్చిరి. రెండేండ్ల తరువాత కూడ మొదటి మండలములలో సగమునకు కొంచెము తక్కువ చెల్లింపులే కార్డుల ద్వారా జరుగుచుండెను. అట్టి కుంటి నడకను దాచక, దానితో సహా ఫలితమును కొలిచిరి. ప్రభుత్వ రికార్డులలోని పేర్లు తీసికొని, ఇండ్లకు వెళ్ళి, మీకు నిజముగా ఎంత ముట్టినదని అడిగి, రెంటిని సరిపోల్చిరి.

2016లో ప్రచురితమైన ఫలితములు ఇవి. ఉపాధి కూలి తీసికొనుటకు పట్టు సమయము ఒక్కొక్క చెల్లింపునకు సగటున 22 నిమిషములు తగ్గినది. పని ముగిసిన తరువాత కూలి సుమారు 6 నుండి 10 రోజులు ముందుగా అందినది. ప్రభుత్వము విడుదల చేసిన కూలికిని, కూలివానికి ముట్టిన కూలికిని నడుమ దారిమళ్ళు సొమ్ము 41 శాతము తగ్గినది. పేదలకు పని దొరకుటలో ఆటంకము కలుగలేదు. కార్డు వాడినవారిలో నూటికి తొంబదిమందికి పైగా పాత పద్ధతికన్న కొత్తదే మేలనిరి. కూలీలకు మిగిలిన సమయపు విలువ ఒక్కటే ఈ ఏర్పాటుకైన ఖర్చునకు సరిపోయినదని వారి లెక్క. అదే ప్రయోగమునుండి 2023లో వెలువడిన మరియొక వ్యాసము ఇంకను ఆసక్తికరము: లబ్ధిదారుల కుటుంబ ఆదాయము 14 శాతము పెరుగగా, ఆ పెరుగుదలలో 86 శాతము పథకము బయటి పనులనుండి వచ్చినదే. ఉపాధి కూలి నమ్మకముగా అందుచున్నప్పుడు పొలము పనికి పిలిచినవారు కూడ కూలి పెంచవలసి వచ్చినది.

ఇంతవరకు చదివి, వ్రేలిముద్ర యంత్రము ఎక్కడ పెట్టినను ఇట్లే జరుగునని అనుకొనరాదు. ఇదే ముగ్గురు పరిశోధకులు తరువాత జార్ఖండ్ రాష్ట్రములో రేషను దుకాణములపై, 1 కోటి 51 లక్షల మంది లబ్ధిదారుల నడుమ, ఇట్టి చీటీల పద్ధతిలోనే పరీక్ష జరిపిరి. అచ్చట ఆధారు ముద్రను చాల దుకాణములలో దూరమునందలి కేంద్రముతో సరిచూడవలసి యుండెను. ముద్ర పెట్టవలెనను నియమము ఒక్కదానివలన దొంగతనము తగ్గలేదు. అంతకు ముందు ఆధారును నమోదు చేయించుకొననివారికి అందు సరుకు విలువ 10 శాతము తగ్గినది. తరువాత యంత్రములోని లెక్కను బట్టి దుకాణములకు ధాన్యము కోత పెట్టినప్పుడు దారిమళ్ళినది బాగుగ తగ్గినది గాని, దానితోపాటు ప్రజలకు అందవలసినదియు తగ్గినది.

తేడా అంతయు తీగెదే యనుట సరికాదు. ఆంధ్రప్రదేశ్‌లో సొమ్ము చెల్లించు మనిషియే మారెను. జార్ఖండ్‌లో దుకాణదారు పాతవాడే, వాని చేతిలోని యంత్రము మాత్రమే కొత్తది. ఇచ్చట కార్డు లేనివారికిని చెల్లించు వెసులుబాటు నిలిపియుంచిరి. అచ్చట ముద్ర పడనిదే సరుకు లేదను నియమమునకు ప్రాధాన్యమిచ్చిరి. ఈ రెండును యంత్రము కొనకముందే, బల్లచుట్టు కూర్చుండి తీసికొన్న నిర్ణయములు. ఆ బల్లవద్ద కంప్యూటరు తెలిసినవాడు ఒక్కడే కూర్చున్నచో తీగె తెగినప్పుడు ఏమగునో చెప్పగలడు. ఎవరికి ఏమగునో చెప్పలేడు.

మన కళాశాల కమిటీ వారికి ఈ సందర్భమున ఒక విజ్ఞప్తి. డిగ్రీ విద్యార్థులు ఎట్లును కమ్యూనిటీ సర్వీసు ప్రాజెక్టు చేయవలసియే యున్నది. కంప్యూటరు విభాగము వారిని, అర్థశాస్త్ర విభాగము వారిని ఇద్దరిద్దరుగా జతచేసి, దువ్వాడ, కూర్మన్నపాలెము, వడ్లపూడి ప్రాంతములలోని చౌకధరల దుకాణములవద్ద ఒక నెల లెక్క వ్రాయనిండు. పెద్ద సొమ్ము అక్కరలేదు, రెండు నోటు పుస్తకములు, దుకాణదారు అంగీకారము చాలును. ఈ-పాస్ యంత్రము ఒక్కొక్కరికి ఎన్నవ ప్రయత్నమున ముద్రను అంగీకరించినది, సిగ్నలు లేక ఎన్ని నిమిషములు ఆగినది అని ఒకరు వ్రాయవలెను. వరుసలో ఎవరు ఎంతసేపు నిలిచిరి, సరుకు లేక తిరిగిపోయినవారు మరునాడు వచ్చిరా, రానిచో వారి ఇల్లు ఎంత దూరము, ఇంటిలో పనిచేయువారెందరు అని మరియొకరు వ్రాయవలెను. సున్నము, సిమెంటు కలిపి చేతులు అరిగిన కూలీల వరుస విడిగా లెక్కింపదగినది. నెల చివర రెండు పుస్తకములను ఒకే బల్లపై తెరచి, యంత్రము ఆగిన నిమిషములకును మనుష్యులు వెనుదిరిగిన గంటలకును సంబంధమున్నదేమో చూడవచ్చును.