లెక్క తప్పితే... బ్యాండు ఆగినట్టే!

వేసవి వచ్చిందంటే అమెరికాలో 'డ్రమ్ కోర్' బృందాల సందడే సందడి. ట్రంపెట్లు, డ్రమ్ములు, జెండాలతో నూటయాభైమంది కుర్రకారు మైదానంలో ఒకే అడుగు వేస్తారు. అందులో చేరాలంటే ఒక్క వేసవికే వేల డాలర్ల ఫీజు. బస్సులు, భోజనాలు, వాద్యాలు... ఖర్చూ అంతే. ఎక్కడ లెక్క తప్పినా నష్టపోయేది పిల్లలే. ఒహాయో రాష్ట్రం టొలీడోలోని 'గ్లాస్‌మెన్' బృందం అప్పుల్లో చిక్కుకుని 2013లో బరిలోంచి తప్పుకుంది.

స్కూలు బ్యాండ్లకైతే డబ్బు సమకూర్చేది తల్లిదండ్రుల సంఘమే. దాన్నే 'బూస్టర్ క్లబ్' అంటారు. కార్లు కడిగి, కేకులు అమ్మి పోగేసిన సొమ్మంతా ఒక్క కోశాధికారి చేతిలో ఉంటుంది. ఆ మనిషీ తోటి అమ్మో నాన్నో కావడంతో లెక్క అడగాలంటే మొహమాటం. చిక్కంతా అక్కడే. అలా సొమ్ము సొంతానికి వాడుకుని కోర్టు మెట్లెక్కినవారూ ఉన్నారు.

మరేం చేయాలి? చెక్కుమీద ఇద్దరి సంతకాలుండాలి. నగదును ఇద్దరు కలిసి లెక్కపెట్టాలి. బ్యాంకు స్టేట్‌మెంటును సంతకం చేయని మూడోవ్యక్తి నెలనెలా చూడాలి. ఇలాంటి సంస్థలు ఏటా పన్నుల శాఖకిచ్చే 'ఫారం 990'ని అడిగి చూడొచ్చు. వరసగా మూడేళ్లు అది ఇవ్వకపోతే పన్ను మినహాయింపు దానంతటదే రద్దవుతుంది. తేడా కనిపిస్తే గుట్టుగా సర్దుకోకుండా స్కూలుకీ పోలీసులకీ చెప్పాలి.

అక్కడ స్థిరపడ్డ మనవాళ్ల పిల్లలూ ఈ బ్యాండ్లలో వాయిస్తున్నారు. లెక్క అడిగితే ఏమనుకుంటారోనని ఊరుకోవద్దు. నిజాయతీగా పనిచేసే కోశాధికారికి కూడా ఆ రెండో సంతకమే రక్ష!