నూట ఐదుని 1005 అని రాస్తే పిల్లల్ని తిట్టకండి

ఈ రోజు లెక్కల గురించి మాట్లాడుకుందాం. కంగారు పడకండి, ఒకటో తరగతి, రెండో తరగతి లెక్కలే.

మీ ఇంట్లో చిన్న తమ్ముడో, అక్క కూతురో ఉంటే "నూట ఐదు" రాయమని అడిగి చూడండి. చాలామంది పిల్లలు 1005 అని రాస్తారు. వెంటనే మనం ఏమంటాం? "ఎన్నిసార్లు చెప్పాలిరా నీకు!" అంటాం. కానీ వాడు విన్నది విన్నట్టే రాశాడు కదా. నూరు అంటే 100, దాని పక్కన 5. వాడి లాజిక్ వాడికి ఉంది. అంకె విలువ అది ఉన్న చోటుని బట్టి మారుతుందని మాత్రం ఇంకా తెలియదు. దీన్నే స్థాన విలువ అంటాం. ఒకట్లు, పదులు, వందలు అని గళ్ళు గీసి బట్టీ పట్టిస్తే ఇది అర్థం కాదు. చేత్తో పట్టుకుని చూడాలి.

దానికి ఏం కావాలి? చీపురు పుల్లలు, కొన్ని రబ్బరు బ్యాండ్లు. అంతే.

ముందు 23 పుల్లలు ఇచ్చి లెక్కపెట్టమనండి. పది అవ్వగానే రబ్బరు బ్యాండ్ వేసి కట్ట కట్టాలి. కట్టాల్సింది పిల్లలే, మీరు కాదు! రెండు కట్టలు, మూడు విడి పుల్లలు వస్తాయి. ఇప్పుడు కాగితం మీద 23 రాసి, ఆ 2 మీద వేలు పెట్టి "ఇది ఎన్ని పుల్లలు, చూపించు" అనండి. రెండు విడి పుల్లలు చూపిస్తే ఇంకా అర్థం కాలేదని. రెండు కట్టలు చూపిస్తే పాయింట్ పట్టుకున్నట్టే.

ఇక్కడ మన తెలుగు కూడా హెల్ప్ చేస్తుంది. ఇరవై మూడు, నలభై ఆరు... పేరులోనే పదులు వేరుగా, ఒకట్లు వేరుగా వినిపిస్తాయి. పదకొండు, పన్నెండు, పంతొమ్మిదిలో అంత స్పష్టంగా వినిపించవు. అందుకే కట్టల ఆట ఇరవైల నుంచి మొదలుపెట్టి, తర్వాత వాటికి రండి.

ఇప్పుడు మన నూట ఐదు. పది కట్టలు కలిపి ఒక పెద్ద కట్ట చేస్తే 100. పక్కన ఐదు విడి పుల్లలు. మరి పదుల గడిలో? ఏమీ లేదు, ఖాళీ. ఆ ఖాళీని చెప్పేదే సున్నా. అందుకే 105. మరి 1005 కావాలంటే పెద్ద కట్టలు పది కావాలి. "అన్ని ఉన్నాయా మన దగ్గర?" అని అడిగితే వాళ్ళే నవ్వుతారు.

తీసివేతలో "అప్పు తెచ్చుకోవడం" కూడా ఇంతే. 42లో 17 తీసేయాలి. విడి పుల్లలు రెండే ఉన్నాయి, ఏడు ఎలా ఇస్తాం? ఒక కట్ట విప్పండి, విడివి 12 అవుతాయి. ఏడు తీస్తే 5. మిగిలిన మూడు కట్టల్లో ఒకటి తీస్తే 2. ఆన్సర్ 25. నిజానికి అప్పు ఎవరూ ఇవ్వలేదు, మన కట్టే మనం విప్పుకున్నాం!

పది రూపాయల నోటుతో నేర్పొచ్చు కదా అంటారేమో. నేర్పొచ్చు, కానీ తర్వాత. ఎందుకంటే నోటుని విప్పితే లోపల పది రూపాయి బిళ్ళలు కనబడవు. కట్టలో పదీ కనిపిస్తాయి. మాంటిస్సోరి పూసల్లోనూ ఇదే ఐడియా: ఒక పూస, పది పూసల కడ్డీ, వంద పూసల పలక, వెయ్యి పూసల ఘనం.

సో, ఈసారి తప్పు కనబడితే కోప్పడకుండా పుల్లలు చేతికివ్వండి. ఫోన్‌లో లెక్కల యాప్ ఆ తర్వాత చూసుకోవచ్చు.