స్వాన్సీ పాఠశాలయు, దాని పూర్వవిద్యార్థులును

ఒక యూరిలో పాఠశాల నెలకొన్నపిదప దాని మేలును మనము సాధారణముగా నెట్లు కొలుచుచున్నాము? ఈ యేడు పరీక్షలో నెందరు కృతార్థులైరి, ఎందరికి ఉద్యోగములు లభించినవి అని లెక్కించుచున్నాము. ఈ లెక్క తప్పని యనజాలము. కాని యిది చాలునా యన్నది ప్రశ్న. దీనికి సమాధానము వెదకుటకై నేడు మిమ్ము బహుదూరము కొనిపోవుచున్నాను. బ్రిటను దీవికి పడమటివైపున వేల్సు దేశములో స్వాన్సీ యను రేవుపట్టణము కలదు. 1918లో ముగిసిన మొదటి ప్రపంచయుద్ధమునకును, 1939లో మొదలైన రెండవ ప్రపంచయుద్ధమునకును నడుమ ఆ పట్టణపు మగపిల్లల పాఠశాలలో చదువుకొన్న కొందరి చరిత్రము నేటి ప్రసంగవిషయము. ఆ పాఠశాలయు, ఆ కాలమును వారికి ఇచ్చినదేమి, ఇయ్యక మానినదేమి యని విచారింతము.

మొదట దేశమును గూర్చి రెండు మాటలు. వేల్సు ఇంగ్లండునకు పొరుగుసీమ. 1536వ సంవత్సరపు శాసనముచే ఇంగ్లండు రాజ్యమున కలిపివేయబడినది. అయినను అచటి ప్రజలకు తమదైన ప్రాచీనభాష కలదు. దానిని వెల్షు భాష యందురు. ఇంగ్లీషు వచ్చినంతమాత్రమున వెల్షు అర్థము కాదు. రెంటికిని అంత దూరము. స్వాన్సీ పట్టణము టావె నది సముద్రమున గలియుచోట నున్నది. 19వ శతాబ్దమున రాగిని కరగించు కొలుములకు ఆ యూరు లోకప్రసిద్ధి చెందెను. తరువాత బొగ్గును, తగరపుపూత వేసిన ఇనుపరేకులును ఆ రేవునుండి దేశదేశములకు పోవుచుండెను.

అచటి పాఠశాలను గ్రామరు స్కూలు అనెడివారు. గ్రామరు అనగా వ్యాకరణము. పూర్వము ఇంగ్లండులోను వేల్సులోను లాటిను భాషా వ్యాకరణమును బోధించుటకై దాతలు నెలకొల్పిన బడులకు ఈ పేరు వచ్చినది. కాలక్రమమున గణితము, చరిత్ర, ప్రకృతిశాస్త్రములు మున్నగునవి చేరినను పేరుమాత్రము నిలిచిపోయినది. స్వాన్సీ పాఠశాలను 1682లో హ్యూ గోర్ అను క్రైస్తవ మతాచార్యుడు స్థాపించెను. పట్టణమునందలి నిరుపేదల కుమారులు 20 మందికి ఉచితముగా చదువు చెప్పవలెనని ఆయన సంకల్పము. 1853 మొదలు ఆ పాఠశాల పట్టణమును, రేవును కానవచ్చు మౌంటు ప్లెజంటు అను గుట్టమీద నుండెను.

వేల్సులో మాధ్యమికవిద్య ప్రజలకు విరివిగా నందుటకు 1889లో ఒక శాసనము పుట్టినది. దానివలన ఊరూర మాధ్యమిక పాఠశాలలు వెలసినవి. కొందరు పిల్లలు జీతము కట్టి చదివెడివారు. కొందరు పదునొకండవ యేట పరీక్షలో నెగ్గి ఉచితముగా చదివెడివారు. గనికూలి కుమారునకు ఆ పరీక్షయే నిచ్చెన. 1932లో ప్రభుత్వము పొదుపునకై తండ్రి రాబడినిబట్టి జీతము వసూలు చేయవలెనని నిర్ణయింపగా వేల్సులో గొప్ప యలజడి కలిగినది. 1944 నాటి విద్యాశాసనముతోగాని ప్రభుత్వపు మాధ్యమిక పాఠశాలలలో జీతములు తొలగిపోలేదు.

ఆ పరీక్షకు అంత విలువ యేల కలిగెనో తెలియుటకు ఆ కాలపు కరవును తలపవలెను. బొగ్గునకు గిరాకి పడిపోయెను. గనులు మూతపడెను. పనిలేని మగవారు వీథులమూలల నిలిచియుండిరి. 1921 మొదలు 1940 వరకు 4 లక్షలకు పైబడిన జనులు వేల్సు విడిచి ఇంగ్లండుపట్టణములకు తరలిపోయిరి. ఇట్టి దినములలో తండ్రులకు తోచిన దొక్కటియే: పిల్లవానికి ఇంగ్లీషు చదువు చెప్పించి గనినుండి తప్పించుట. ఇది దోషమని యెవరనగలరు? కాని ఈ తలపునకు చెల్లించిన వెల యొకటి కలదు. దానిని ముందు చెప్పెదను.

ఇక పాఠశాలలోనికి పోదము. అచట ఇంగ్లీషుపండితుడు డేవిడ్ జాన్ థామస్. ఈయన 1876లో వెల్షు మాటలాడు కుటుంబమున జన్మించెను. 1899లో ఇంగ్లీషు సాహిత్యమున ప్రథమశ్రేణిలో పట్టము పొందెను. విశ్వవిద్యాలయమున ఆచార్యపదవి తనకు తగినదని భావించినవాడు, అది లభింపలేదు. 1936లో విశ్రాంతి గైకొనువరకు ఆ గుట్టమీది బడిలోనే జీవితము గడిపెను. ఆశాభంగమువలన మాట కటువు. పిల్లలకు ఆయన యన్న భయము. కాని షేక్స్పియరు నాటకమును చేతబట్టి గట్టిగా చదువ నారంభించినచో తరగతి యంతయు నిశ్శబ్దమయ్యెడిదట. అర్థవివరణము తరువాతిమాట, ముందు శబ్దము చెవిని పడవలెను. పురాణశ్రవణ మెరిగిన మనకు ఈ పద్ధతి క్రొత్తది కాదు. చక్కగా చదువు కంఠమునుండి విన్న మాట యేండ్లు గడచినను చెవిలో మ్రోగుచునే యుండును.

ఆ కంఠమును విన్నవారిలో నొకడు ఆయన కుమారుడే. డిలన్ థామస్ 1914 అక్టోబరు 27న పుట్టి, 1925లో ఆ పాఠశాలలో చేరెను. పరీక్షల లెక్కనుబట్టి చూచిన ఇతడు పాఠశాలకు మచ్చ తెచ్చినవాడే యనవలెను. ఇంగ్లీషు తప్ప తక్కిన విషయము లన్నింటను తప్పెను. ఉపాధ్యాయుని కుమారుడే యిట్లైనచో ఆ తండ్రి మనస్సు ఎట్లుండునో తల్లిదండ్రులకు వేరుగ చెప్పనక్కరలేదు. అయితే చేరిన యేటనే పాఠశాల పత్రికలో ఇతని పద్యము అచ్చయినది. తరువాత ఆ పత్రికకు ఇతడే సంపాదకుడయ్యెను. 1931లో బడి విడిచి స్థానిక వార్తాపత్రికలో కొలువు చేరెను. ఇరువదియేండ్లకే, అనగా 1934లో, మొదటి పద్యసంపుటమును ప్రకటించెను. తండ్రికి ఇతడు పరీక్షాఫలము నీయలేకపోయెను గాని, ఆ తండ్రి చెవిలో పోసిన శబ్దసంపదను వడ్డీతో లోకమునకు చెల్లించెను.

ఇంకొకడు డానియల్ జోన్స్. డిలన్ వ్రాసిన కథనుబట్టి వీరిద్దరి మైత్రి బడి ఆటస్థలములో కుస్తీతో మొదలైనది. కొట్టుకొని లేచి స్నేహితులైరి. జోన్స్ ఇంటిలో నిద్దరును కలిసి పద్యములల్లెడివారు. ఒక పంక్తి యొకడు, మరుపంక్తి వేరొకడు కూర్చెడివారు. రేడియో అప్పుడప్పుడే యిండ్లకు వచ్చుచున్న దినము లవి. ఈ బాలురు ఇంటిలోని గదులనడుమ తీగలు లాగి, శబ్దయంత్రములు తగిలించి, తమదే యొక రేడియో సంస్థ యని పేరు పెట్టి, మేడమీదినుండి క్రిందివారికి తమ పద్యములు, పాటలు ప్రసారము చేసెడివారు. పెద్దలు దానిని ఆటయే యనుకొనియుందురు. జోన్స్ తరువాత సంగీతకర్త యయ్యెను. వాద్యబృందములకై సింఫనీ లనబడు పెద్ద రచనలు 13 చేసెను. రెండవ యుద్ధకాలమున బ్లెచ్‌లీ పార్కు అను రహస్యస్థలమున శత్రువుల గూఢలిపులను విప్పువారిలో నొకడై పనిచేసెను.

వీరి తోడివాడు ఆల్ఫ్రెడ్ జేన్స్ పండ్లకొట్టువాని కుమారుడు. చిత్రకారుడై పేరు గాంచెను. 1934లో ఇతడు వ్రాసిన డిలన్ చిత్రపటము నేటికిని వేల్సు జాతీయ చిత్రశాలలో నున్నది. వీరందరును పట్టణమధ్యమున కార్డోమా యను కాఫీహోటలులో కూడి కవిత్వము, సంగీతము, చిత్రలేఖనము, రాజకీయములు చర్చించుచుండిరి. పనిదొరకని కాలమున ఆ బల్లయే వారికి రెండవ పాఠశాల.

వీరికంటె కొంచెము పెద్దవాడు విన్‌ఫర్డ్ వాన్ థామస్. 1908లో పుట్టెను. ఇతనికిని ఆ పండితుడే ఇంగ్లీషు నేర్పెను. డిలన్ బడిలో చేరుచుండగా ఇతడు ఆక్స్‌ఫర్డు విశ్వవిద్యాలయమునకు పోవుచుండెను. తరువాత బి.బి.సి. రేడియోలో చేరి, 1943 సెప్టెంబరులో లాంకాస్టరు అను బాంబు విమానమున నెక్కి బెర్లినునగరముపై ఆ రాత్రి జరిగిన దాడిని కన్నులార చూచుచు వర్ణించెను. ఆ మాటలు విమానములోనే ముద్రితమై, పిదప శ్రోతలకు ప్రసారమైనవి. యుద్ధాంతమున బెల్సెను నిర్బంధశిబిరములోని ఘోరములను గూడ ఇతడు లోకమునకు తెలిపెను.

ఇంతవరకు పాఠశాల యిచ్చినదానిని చూచితిమి. ఇక నీయనిదానిని చూతము. విన్‌ఫర్డ్ తండ్రి సంగీతవిద్వాంసుడు. ఆ కుమారునకు వెల్షు భాష వచ్చును. 1937లో ఆరవ జార్జి పట్టాభిషేకమును వెల్షు భాషలో రేడియోలో వర్ణించినవా డితడే. డిలన్ సంగతి వేరు. తండ్రికి వెల్షు వచ్చును, తల్లికి వెల్షు వచ్చును. కుమారునకు మాత్రము రాదు. తల్లిదండ్రులు బుద్ధిపూర్వకముగా నేర్పలేదు. పైగా ఇంగ్లీషు ఉచ్చారణము శుద్ధముగా నుండవలెనని వేరుగ పాఠములు చెప్పించిరి. విచిత్రమేమనగా, పిల్లవానికి పెట్టిన పేరు ప్రాచీన వెల్షు పురాణకథలోనిది. నడిమిపేరైన మార్లైస్ తండ్రియొక్క పినతండ్రి, వెల్షు కవియైన గ్విలిం మార్లెస్ జ్ఞాపకార్థము పెట్టినది. పేరులు వెల్షువి, నోటిభాష మాత్రము పరభాష!

ఇది ఆ యింటిలోని కథ మాత్రమే కాదు. 19వ శతాబ్దమున కొన్ని బడులలో వెల్షు మాటలాడిన పిల్లవాని మెడలో కొయ్యపలక వ్రేలాడదీసి శిక్షించెడివారు. ఆ పలక క్రమముగా పోయినను, ఆ సిగ్గు తల్లిదండ్రుల మనస్సులో నిలిచిపోయెను. 1911 జనాభాలెక్కలో వేల్సున వెల్షు వచ్చినవారు నూటికి 43 మందికి పైగా నుండిరి. 1931లో 37 మందికి తగ్గిరి. 2021లో నూటికి 18 మందికంటెను తక్కువ. భాష యొకనాడు చావదు. ప్రతి యింటిలోను, పిల్లవాని మేలుకోరియే, ఒక్కొక్క తండ్రి ఒక్కొక్క మాటను మ్రింగివేయగా చచ్చును. ఇదియే నేను ముందు సూచించిన వెల.

1941 ఫిబ్రవరి 19, 20, 21 తేదీలలో మూడు రాత్రులు జర్మను విమానములు స్వాన్సీపై బాంబులు కురిపించెను. 230 మంది మరణించిరి. అంగళ్లవీథులు బూడిదయయ్యెను. ఆ స్నేహితులు కూడిన కార్డోమా పోయెను. గుట్టమీది పాఠశాలయు చాలభాగము దగ్ధమయ్యెను. ఆరేండ్లపిదప, 1947 జూను 15న, డిలన్ రచించిన రిటర్న్ జర్నీ, అనగా తిరుగుప్రయాణము, అను రూపకము బి.బి.సి.లో ప్రసారమయ్యెను. ఒకడు మంచుపడిన ఆ శిథిలపట్టణములో తన బాల్యమును వెదకుకొనుచు తిరుగును. కాలిపోయిన బడికి పోవును. అచట ఉపాధ్యాయుని కంఠము వినబడును. యుద్ధమున మరణించిన బాలుర పేరులు హాజరుపట్టీ పిలిచినట్లు ఒక్కొక్కటిగా వినబడును. గోడలు లేవు, బల్లలు లేవు. పేరులును, కంఠమును మిగిలినవి. పరీక్షలో తప్పిన బాలుడే తన బడిని గాలిలో మరల కట్టెను.

కడపట తండ్రి చూపు మందగించి, దేహము క్షీణించుచుండగా కుమారుడు ఆయనను ఉద్దేశించి యొక పద్యము వ్రాసెను. 1951లో అచ్చయిన ఆ పద్యమును నేడు ఇంగ్లీషు చదివినవారు ఎల్లదేశములందును ఎరుగుదురు. 1952 డిసెంబరులో తండ్రి గతించెను. పదునొకండు నెలలు గడువకమునుపే, 1953 నవంబరు 9న, కుమారుడు న్యూయార్కునగరమున 39 ఏండ్ల వయస్సున మరణించెను. మద్యపానము అతని యాయువును హరించిన కారణములలో నొకటి. ఆ సత్యమును దాచనక్కరలేదు. 1954 జనవరి 25న అతని అండర్ మిల్క్ వుడ్ అను శబ్దరూపకము రేడియోలో ప్రసారమయ్యెను. దానిలోని పాటలకు స్వరములు కూర్చినది ఆటస్థలమున కుస్తీపట్టిన డానియల్ జోన్సే. ఆ యేటనే మిత్రుని స్మృతికై తన నాలుగవ సింఫనీని రచించెను. మేడమీది యాటరేడియో అట్లు సార్థకమైనది.

వెల్షు భాష సంగతి ఏమైనదని మీరడుగవచ్చును. 1939లో అబెరిస్ట్‌విత్ పట్టణమున ఏడుగురు పిల్లలతో వెల్షులోనే బోధించు ప్రాథమికపాఠశాల యొకటి ప్రారంభమైనది. 1962 ఫిబ్రవరిలో సాండర్స్ లూయిస్ అను రచయిత భాషాభవిష్యత్తును గూర్చి రేడియోలో చేసిన యొక్క ప్రసంగము యువకులను కదలించి, భాషోద్యమసంఘము పుట్టుటకు కారణమయ్యెను. 1967, 1993 సంవత్సరములలో భాషాశాసనములు వచ్చినవి. స్వాన్సీలోనే నేడు వెల్షులో బోధించు బడులు కలవు. గుట్టమీది పాత పాఠశాల 1952లో వేరొకచోట నూతనభవనమునకు మారి, స్థాపకుడైన గోర్ పేరు దాల్చినది. అందు నేడు బాలికలును చదువుచున్నారు.

పెద్దలారా, మొదటి ప్రశ్నకు మరలి వత్తము. పరీక్షలు వలదని నేను చెప్పుటలేదు. గనికూలి కుమారునకు పరీక్షయే దారి చూపినదని వింటిరి. కాని మీ యూరి బడిని చూడబోయినప్పుడు మరి రెండు ప్రశ్నలును అడుగుడు. ఈ బడిలో పిల్లలకు చక్కగా చదివి వినిపించువా డొకడైనను కలడా? ఈ చదువుకొరకు పిల్లవాడు ఇంటిలోని దేనిని విడువవలసి వచ్చుచున్నది? మొదటిదానికి లేడనియు, రెండవదానికి తన భాషనే యనియు సమాధానము వచ్చినచో, కృతార్థుల పట్టిక యెంత పొడవైనను ఆ లెక్కలో నేదియో తప్పు గలదని తెలిసికొనుడు.