గిటారు మెడ విరిగితే... అతికించాలా? మార్చాలా?

ఎల్.బి.నగర్: గొడ్డలి కామ విరిగితే రైతు తల పట్టుకుని కూర్చోడు. తుమ్మ కొమ్మ నరికి, చెక్కి, కొత్త కామ దిగగొడతాడు. గిటారు మెడ విరిగినా ఇంతే గదా అనుకుని, దుప్పట్లో చుట్టిన గిటారుతో చౌటుప్పల్ వైపు నుంచో, ఇబ్రహీంపట్నం వైపు నుంచో వచ్చి ఈ కూడలిలో బస్సు దిగే కుర్రవాళ్ళు లేకపోలేదు. కొత్తపేటలో పండ్ల మార్కెట్టు ఉన్న రోజుల్లో బత్తాయిలు తెచ్చిన రైతులకు ఈ రోడ్డు తెలిసిందే. 2018లో మెట్రో వచ్చాక ఎల్.బి.నగర్‌లో రైలెక్కితే మూడో స్టేషనే దిల్‌సుఖ్‌నగర్. అక్కడి వాద్యాల దుకాణంలో అడిగితే గానీ తెలియదు, గిటారు మెడ గొడ్డలి కామ కాదని.

పల్లెల్లో గిటారు ఎక్కడిదని కొందరు అడగవచ్చు. ఆదివారం ఉదయం చర్చి ముందు నుంచి నడిచి వెళితే జవాబు దొరుకుతుంది. డోలకు పక్కన, కీబోర్డు పక్కన గిటారు ఉంటుంది. చాలాచోట్ల అది చందాలు పోగుచేసి కొన్నది. క్రిస్మస్ పది రోజులుందనగా అది బల్ల మీది నుంచి జారి, బిరడాలుండే తల భాగం వేలాడబడితే పాటల బృందానికి కాళ్ళూ చేతులూ ఆడవు. బాగుచేయించడమా, మెడ మార్చడమా, మళ్ళీ చందాలకు బయలుదేరడమా అన్నది వాళ్ళకు చిన్న లెక్కేమీ కాదు.

ముందు ఆ మెడ మోసే బరువు తెలియాలి. ఆరు ఉక్కు తీగలను శ్రుతికి బిగిస్తే వాటి లాగుడు సుమారు 70 కిలోలు. అంటే ఒక నిండు మనిషి రాత్రింబవళ్ళు ఆ కర్రను పట్టుకుని వేలాడుతున్నట్టు. నైలాన్ తీగలైతే ఇందులో ఇంచుమించు సగం. ఈ లాగుడుకు మెడ వంగకుండా లోపల ఒక ఇనుప కడ్డీ పెడతారు. దీనిని ట్రస్ రాడ్ అంటారు. అమెరికాలోని గిబ్సన్ కంపెనీలో పనిచేసిన తాడియస్ మెక్‌హ్యూకు సర్దుబాటు చేసుకునే ఈ కడ్డీపై 1923లో పేటెంటు వచ్చింది. చిత్రమేమంటే, చాలా గిటార్లలో దాన్ని తిప్పే గాడి తల భాగం మొదట్లోనే ఉంటుంది. అసలే సన్నగా ఉన్న కర్ర అక్కడ ఇంకా సన్నబడుతుంది. గిటారు వెనక్కు పడితే ఎక్కువగా విరిగేదీ అక్కడే.

పాడైందని తెచ్చినవన్నీ విరిగినవి కావు. తీగలు పైకి లేచి వేళ్ళు నొప్పి పుడుతున్నాయంటే మెడ వంగి ఉండవచ్చు. ఒక తీగను మొదటి మెట్టు దగ్గరా, మెడ పెట్టెను కలిసేచోటా నొక్కిపట్టి నడిమి మెట్టు మీద చూడండి. సన్నని సందు ఉండడం సహజమే. బాగా ఎడముంటే మెడ వంగినట్టు. తెలిసినవాడు ట్రస్ రాడ్‌ను పావు చుట్టు చొప్పున తిప్పి సరిచేస్తాడు. దీనికి కొత్త మెడ అవసరం లేదు.

ఇక నిజంగా విరిగినప్పుడు చూడవలసింది విరుపు తీరు. నాగటి మేడి పొడవుగా చీలితే కట్టు నిలుస్తుంది, అడ్డంగా తెగితే నిలవదు. ఇక్కడా అంతే. కర్ర నారవెంట ఏటవాలుగా, పొడవుగా చీలి, రెండు ముక్కలూ ఒకదానిలో ఒకటి ఒదిగిపోతుంటే సందేహం లేకుండా అతికించడమే మేలు. వడ్రంగి జిగురు పూసి, క్లాంపులతో బిగించి, కదపకుండా ఉంచితే ఆ అతుకు పక్కనున్న కర్రకేమీ తీసిపోదు. అడ్డంగా, పొట్టిగా తెగితే జిగురొక్కటే చాలదు. వెనక గాళ్ళు తీసి కర్ర పట్టీలు కూర్చాలి, ఖర్చు పెరుగుతుంది. ముక్కలు పోయినా, మెడ మెలిపడినా ఆశ తక్కువే.

మరి కొత్త మెడ మాటేమిటి? స్వరమంతా కొలతలో ఉంది. మెడ పైకొసన తీగలు ఆనే ముక్క నుంచి 12వ మెట్టుకు ఎంత దూరమో, అక్కడి నుంచి బ్రిడ్జి మీది పట్టీకీ దాదాపు అంతే ఉండాలి. మామూలు గిటారుకు రెండూ కలిపి 65 సెంటీమీటర్లకు అటూఇటుగా వస్తాయి. కొలత వేరైన మెడ తెచ్చి పెడితే శ్రుతి ఎంత చేసినా అపస్వరమే. పైగా చాలా గిటార్లకు మెడను పెట్టెలో గాడి కూర్చి జిగురుతో బిగిస్తారు. ఆవిరి పట్టి ఊడదీసి, వాలు చూసి మళ్ళీ కూర్చాలి. చౌక గిటారుకు ఆ కూలి డబ్బుతో మరో గిటారే కొనవచ్చు. బోల్టులతో బిగించినదై, అదే కంపెనీ అదే నమూనా మెడ దొరికితే మార్చుకోవచ్చు. ఖరీదైనదో, తండ్రి వాయించినదో అయితే లెక్క వేరు.

మన బొబ్బిలి వీణకైతే మార్చే ప్రశ్నే లేదు. గొల్లపల్లి పనివారు చేసే ఏకాండి వీణలో కుండా దండీ ఒకే పనస దుంగ. దండి పగిలితే మరమ్మతు చేసుకోవలసిందే. ఆ సంగతి విన్నాక గిటారు అతుకు నామోషీగా తోచలేదు.

విరిగిన వెంటనే తీగలు వదులు చేయాలి. ఊడిన పేళ్ళన్నీ కాగితంలో దాచాలి. ఇంట్లో క్షణంలో అంటుకునే జిగురు పోయడం, మేకులు కొట్టడం వద్దు. పాత జిగురు పట్టిన కర్రకు కొత్త జిగురు పట్టదు, అతికే గిటారు కాస్తా అతకకుండా పోతుంది. బిగించిన క్లాంపులు ఒక రోజంతా ఉంచాలి గనుక, సాయంత్రం బస్సుకే తిరిగి వెళదామనుకునేవారు రెండోసారి వచ్చే చార్జీ కూడా లెక్కలో కలుపుకోవాలి.