ట్రాక్టరు గేర్ ఆయిల్: మార్చవలెనా? ఎప్పుడు?

2019లో ప్రారంభమైన పల్లెప్రగతి కార్యక్రమమున తెలంగాణ గ్రామపంచాయతీలకు ట్రాక్టర్లు సమకూరినవి. చెత్త తరలించుటకు, మొక్కలకు నీరు పోయుటకు అవియే ఆధారము. ఇంజను ఆయిల్ మార్చవలెనని ప్రతి డ్రైవరుకును తెలియును. గేర్ ఆయిల్ సంగతి వచ్చినప్పుడు మాత్రము "అది మండదు, తరుగదు, మార్చుట దేనికి?" అని మమ్ము అడుగువారు కలరు.

మండని మాట నిజమే. కాని పళ్లచక్రముల ఒరిపిడికి సన్నని ఇనుపరజను అందులో కలియును. వేడికి ఆయిల్ సత్తువ తగ్గును. పెక్కు ట్రాక్టర్లలో హైడ్రాలిక్ లిఫ్టును నడుపునదియు ఆ ఆయిలే.

మార్చు గడువును బండి నడచిన గంటలను బట్టి లెక్కింపవలెను. పలు నమూనాలకు ఇది సుమారు 1,000 గంటలు. రోజుకు 4 గంటలు నడచు బండికి 250 పనిదినములలో అది నిండును. మీ బండి గడువును, ఆయిల్ రకమును కంపెనీవారిచ్చిన పుస్తకములో చూడుడు.

ఆయిల్ పాలవలె తెల్లబడినచో నీరు చేరినదని గ్రహించి, గడువుకై వేచియుండక మార్పింపవలెను. మాడువాసన వచ్చినను మెకానిక్కుకు చూపవలెను. తీసిన ఆయిలును నేలపైగాని కాలువలోగాని పారబోయరాదు.

మార్చిన తేదీని, మీటరు అంకెను రిజిస్టరులో వ్రాయించి, పంచాయతీ సమావేశమున పరిశీలింపవలెనని కోరుచున్నాము. ఆయిలు ఖర్చుకు వెనుకాడినచో గేర్‌బాక్సునే విప్పవలసివచ్చును. అన్నాళ్లును వీధుల చెత్త వీధులలోనే యుండును.