సర్కార్ దర్వాజ పక్కన్నే నకిలీ దర్వాజ

పాస్‌పోర్టుకు సర్కార్ ఫీజు 1500 రూపాయలు. పెద్దోళ్లకు, 36 పేజీల బుక్కుకు, మామూలు పద్ధతిల అయితే గంతే. తత్కాల్‌ల కావాలంటే ఇంకో 2000. దుబాయి, మస్కట్, సౌదీ, ఖతర్ పోయెటోళ్లు వాడవాడకు ఉన్న ప్రాంతం మనది. అయినా ఈ లెక్క తెల్వనోళ్లు ఇంక మస్తుమంది ఉన్నరు. కరీంనగర్‌ల పాస్‌పోర్టు సేవా కేంద్రం ఉన్నది. ఆదిలాబాద్‌ల, మంచిర్యాలల పోస్టాఫీసులల్లనే కౌంటర్ పెట్టిండ్రు. హైదరాబాద్ దాక పోవుడు తప్పింది. కానీ గా కౌంటర్ కాడికి పోవాలంటే ముందుగాల ఆన్‌లైన్‌ల ఫారం నింపాలె, పైసలు కట్టాలె, తారీఖు తీసుకోవాలె. దందా నడిచేది గీ నడిమిట్లనే.

ఎట్లంటే, జగిత్యాల దిక్కు ఊరి పోరడు ఒకడు అనుకోండ్రి. 'వీసా వచ్చేటట్టున్నది, పాస్‌పోర్టు జల్ది తియ్యి' అని ఏజెంటు ఫోన్ చేసిండు. పోరడు గూగుల్‌ల 'పాస్‌పోర్ట్ అప్లై' అని కొట్టిండు. అన్నిటికన్న పైన వచ్చిందే సర్కార్‌ది అనుకుంటడు. కానీ పైన కనవడేది చాలాసార్లు పైసలు కట్టి పెట్టిచ్చుకున్న ప్రకటన. 'స్పాన్సర్డ్' అని చిన్నగ రాసి ఉంటది, ఎవలు చూస్తరు? ఒత్తితే మూడు సింహాల బొమ్మ, జెండా రంగులు, ఏదో ఒక మంత్రి ఫోటో. ఫారం సుత అసలు దానికన్న అలకగ ఉంటది. పేరు, ఊరు, ఆధార్ నంబరు, ఫోన్ నంబరు నింపినంక ఆఖరికి రెండున్నర వేలో మూడు వేలో కట్టుమంటది. కడతడు. రెండు రోజులకు ఫోన్ వస్తది: 'గది మా సర్వీసు చార్జి, సర్కార్ ఫీజు వేరే.'

విదేశాంగ శాఖ గీ సంగతి ఎన్నడో గుర్తువట్టింది. నకిలీ సైట్లు జనం వివరాలు గుంజుకుంటున్నయి, ఫారం నింపుడుకు, అపాయింట్‌మెంట్‌కు ఎక్వ పైసలు వసూలు చేస్తున్నయి అని పేర్లతోటి హెచ్చరిక పెట్టింది. ఇండియాపాస్‌పోర్ట్ డాట్ ఆర్గ్, అప్లైపాస్‌పోర్ట్ డాట్ ఆర్గ్, పాస్‌పోర్ట్-సేవా డాట్ ఇన్ అన్నయి గా పట్టికలయే. అసలుది ఒక్కటే: పాస్‌పోర్ట్‌ఇండియా డాట్ గవ్ డాట్ ఇన్. ఫోన్‌ల అయితే ఎంపాస్‌పోర్ట్ సేవా యాప్. కానీ హెచ్చరిక ఏడ పెట్టిండ్రు? గా అసలు సైట్లనే. అసలు సైటుకు చేరినోడికి హెచ్చరికతోటి పనేంది? తోవ తప్పినోడికి గది కనవడదు.

గీ దందాల రెండు రకాలోళ్లున్నరు. ఒకడు దొంగ. పైసలు తీసుకొని సైటు మూసుకొని పోతడు. వాని మీద కేసు పెట్టుడు అలకనే, దొరుకుడే కష్టం. రెండోవాడు ఇంకా తెలివైనోడు. సైటు అడుగున, సన్న అక్షరాలల్ల, ఇంగ్లిషుల 'మేము ప్రైవేటు కన్సల్టెన్సీ, ప్రభుత్వంతోటి సంబంధం లేదు' అని రాసుకుంటడు. మనం నింపిన వివరాలనే తీసుకపోయి అసలు సైట్ల ఎక్కిస్తడు. పని అయినట్టే ఉంటది, జేబు ఖాళీ అయితది. రేపు ఠాణాకు పోతే 'నువ్వే కడితివి గదా' అంటరు. నా లెక్కల గీ రెండోవాడే ఎక్వ ప్రమాదం. దొంగ చేతిల మోసపోయినోడు లొల్లి పెడతడు. వీని చేతిల పడ్డోడికి మోసపోయినట్టే తెల్వదు.

గీ రెండోవాని అసలు రూపం చూడాలంటే ఉద్యం రిజిస్ట్రేషన్ కాడ చూడాలె. చిన్న పరిశ్రమలకు, దుకాణాలకు, కుట్టుమిషన్ పెట్టుకున్న అక్కలకు లోన్ కావాలంటే బ్యాంకోళ్లు గీ సర్టిఫికెట్ అడుగుతరు. 2020 జులై 1 నుంచి నడుస్తున్నది. దీనికి ఫీజు ఎంతో ఎరికేనా? సున్న. ఆధార్, పాన్ ఉంటె చాలు. ప్రైవేటోళ్లకు ఎవ్వలికీ గీ రిజిస్ట్రేషన్ చేసే అధికారం ఇయ్యలేదని అసలు సైట్లనే రాసి ఉన్నది. అయినా 'ఉద్యం' అన్న పేరు తగిలిచ్చుకొని, ఫారం అచ్చం గట్లనే గీసుకొని, పైసలు వసూలు చేసే సైట్లు కుప్పలుకుప్పలు. సిరిసిల్లల సాంచాలు నడిపెటోళ్లు, నిర్మల్ బొమ్మలు చేసెటోళ్లు, కరీంనగర్ వెండి తీగెపనోళ్లు పుక్యానికి వచ్చే కాయిదానికి పైసలెందుకు కట్టాలె?

మరి గుర్తువట్టుడెట్ల? సైటు పేరును తోక దిక్కు నుంచి చదవాలె. మొదటి గీత, అంటే స్లాష్ గుర్తు, దాని ముందు ఏమున్నదో చూడాలె. అక్కడ 'డాట్ గవ్ డాట్ ఇన్' అని ఉంటె సర్కార్‌ది. గా తోక కేంద్రం చేతిలున్న ఎన్‌ఐసీ ఇస్తది, సర్కార్ ఆఫీసులకు తప్ప ఇంకెవ్వలికీ ఇయ్యది. డాట్ కామ్, డాట్ ఆర్గ్, ఉత్త డాట్ ఇన్ ఎవలైనా కొనుక్కోవచ్చు. 2023ల తిరుమల దేవస్థానమోళ్లు ఒక నకిలీ సైటు మీద కేసు పెట్టిచ్చిండ్రు. వాళ్లు కేసు పెట్టిచ్చిన సైట్లల్ల గది 41వది. దాని పేరు తిరుపతిబాలాజీ-ఏపీ-గవ్ డాట్ ఆర్గ్. అప్పటి అసలుదేమో తిరుపతిబాలాజీ డాట్ ఏపీ డాట్ గవ్ డాట్ ఇన్. చుక్కల తావుల అడ్డగీతలు పెట్టి, తోకకు ఆర్గ్ తగిలిచ్చిండు, గంతే. 'గవ్' అన్న మాట పేరుల ఏడనో ఉంటె సరిపోదు, ఆఖరున్నే ఉండాలె. ఇగ పేరు పక్కన తాళం బొమ్మ ఉన్నది కాబట్టి అసలుదే అనుకునెటోళ్లున్నరు. మీరు పంపేది నడుమల ఎవలూ చదవకుంట చేసుడే గా తాళం పని. అవుతలోడు మంచోడా, దొంగా అన్నది దానికేం ఎరుక?

కానీ తప్పంతా జనానిదే అన్నట్టు 'అప్రమత్తంగ ఉండాలె' అని పోస్టర్ ఏసి చేతులు దులుపుకుంటె నేను ఒప్పుకోను. డాట్ గవ్ డాట్ ఇన్ చూడుమని మనమే చెప్తిమి. మరి రైలు టికెట్ సైటు పేరేంది? ఐఆర్‌సీటీసీ డాట్ కో డాట్ ఇన్. మన ఆర్టీసీ టికెట్‌ది టీజీఎస్‌ఆర్‌టీసీబస్ డాట్ ఇన్. రెండూ అసలువే, రెండింటికీ గా తోక లేదు. పైకెళ్లి 2024ల టీఎస్ పోయి టీజీ వచ్చింది. టీఎస్‌పీఎస్సీ టీజీపీఎస్సీ అయింది, ఆర్టీసీ పేరు మారింది, సైట్ల పేర్లు సుత మారినయి. పాత పేరు నోటికొచ్చినోడు కొత్తది ఎతుక్కోవాలంటే గూగుల్‌నే అడుగుతడు, గూగుల్ ప్రకటన చూపిస్తది. ఇగ భాష. పాస్‌పోర్టు ఫారం ఇంగ్లిషు, హిందీ. ఉట్నూరు దిక్కు గోండి మాట్లాడెటోళ్ల సంగతి ఇడిచిపెట్టుండ్రి, తెలుగు చదివినోడికే తోవ దొరకది. అసలు దర్వాజ మన భాషల లేనన్ని దినాలు నకిలీ దర్వాజకు గిరాకీ ఉంటది. సేవా కేంద్రాల ముంగట, గ్రామ పంచాయతీ గోడ మీద సైటు పేరు, ఫీజు ఎంతో తెలుగుల పెద్ద అక్షరాలతోటి రాయిస్తే ఎంత ఖర్చయితది?

శిక్షల ముచ్చట సుత గట్లనే ఉన్నది. మూడు సింహాల బొమ్మను ఇష్టమొచ్చినట్టు వాడుకుంటె 2005 చట్టం కింద రెండేండ్ల దాక జైలు, లేకుంటె 5000 దాక జుర్మానా. ఇద్దరు గల్ఫ్ పోరల కాడ గుంజిన పైసలతోటి గా జుర్మానా కట్టొచ్చు. ఐటీ చట్టం 66డి జర గట్టిది, వేరేటోని వేషం కట్టి కంప్యూటర్ తోటి మోసం చేస్తే మూడేండ్ల దాక జైలు, లక్ష దాక జుర్మానా. ఫిర్యాదుల గీ సెక్షన్ పేరు రాయమని అడుగుండ్రి.

బస్టాండ్ కాడ నెట్ సెంటరోడు ఫారం నింపి వందో రెండు వందలో తీసుకుంటడు గదా, వాడు సుత గిదే కోవనా అని అడగొచ్చు. కాదు. వాడు కండ్ల ముంగట ఉంటడు, నా కూలి ఇది అని చెప్తడు, తప్పు పోతే తెల్లారి పోయి నిలదీయొచ్చు. కానీ వాడు సుత ఏ సైటు తెరిసిండో స్క్రీన్ మీద చూడుండ్రి, సర్కార్ రసీదు అడిగి తీసుకోండ్రి.

ఇప్పటికే కట్టినోళ్లు ఆలస్యం చేయొద్దు. 1930కి ఫోన్ కొట్టాలె, ఎంత జల్ది కొడితే పైసలు అవుతలి ఖాతాల ఆగే అవకాశం అంత ఎక్వ. సైబర్‌క్రైమ్ డాట్ గవ్ డాట్ ఇన్‌ల ఫిర్యాదు ఎక్కియ్యొచ్చు. కరీంనగర్, రామగుండం కమిషనరేట్లల్ల సైబర్ క్రైమ్ ఠాణాలున్నయి. 'కన్సల్టెన్సీ' రకపోని మీద పోలీసులు కేసు తీసుకోకుంటె వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915 ఉన్నది. కార్డు తోటి కడితే బ్యాంకుకు సుత రాసిచ్చి, గీ చెల్లింపు మోసమని చెప్పాలె. సైటు పేరు కనవడేటట్టు స్క్రీన్‌షాట్ ముందుగాల్నే తీసిపెట్టుకోండ్రి, రేపటికి గా సైటు ఉంటదో ఉండదో.

పైసలకన్న పెద్దది ఆధార్ నంబరు పోవుడు. ఎంఆధార్ యాప్‌ల వేలిముద్రలకు తాళం ఏసుకోవచ్చు. మీ పేరు మీద ఎన్ని సిమ్ములున్నయో సంచార్ సాథీల చూసుకోవచ్చు. ఇగ మీ ఫారం నిజంగనే ఎక్కిచ్చిన అని వాడు అంటె, ఏఆర్ఎన్ నంబరు, అపాయింట్‌మెంట్ రసీదు ఇయ్యిమనుండ్రి. ఇయ్యకపోతే ఫీజు కట్టనే లేదనుకోండ్రి, అసలు సైట్ల కొత్తగ ఖాతా తెరిసి మళ్ల మొదలుపెట్టుండ్రి.