చెట్టు ఉంచాల్నా, కొట్టాల్నా: చెప్పేటోడెవరు?

ఎండలు ముదిరి గాలిదుమారాలు మొదలైతే మన ఏజెన్సీ ఊళ్లల్ల ఒకటే భయం. ఇంటిమీదికి వంగిన చింతకొమ్మ, రేకులకు రాసుకుంటున్న వేప, కరెంటు తీగల్లకు దూరిన కానుగ. రాత్రి గాలి లేస్తే ఇంట్ల ముసలోళ్లకు నిద్ర ఉండదు. తెల్లారితే అదే పంచాయితీ: కొట్టేద్దామా, ఉంచుదామా?

ఈ పంచాయితీల తీర్పు చెప్పేదెవరో ఒక్కసారి ఆలోచించున్రి. చానాసార్లు కట్టె కొనే వ్యాపారే చెప్తడు. "ఇయ్యాలో రేపో పడ్తది, కొట్టియ్యి, పైసలిస్త" అంటడు. కొనేటోడే డాక్టరైతే ప్రతి చెట్టుకూ రోగమే ఉంటది. ఇంకోదిక్కు, నిజంగ పడిపోయే చెట్టును "మా తాత నాటిండు" అని ముట్టకుండ వదిలేస్తం. భయంతోని మంచి చెట్టు పోతది, ప్రేమతోని పెంకుటిల్లు పోతది. రెండు తీర్లా నష్టపోయేది మనమే.

అమెరికా, యూరప్ లాంటి చోట్ల దీనికోసం ఒక వృత్తే ఉన్నది. ఆర్బరిస్టు అంటరు. ఇంటి చెట్టును చూసి, కొలిచి, కాగితం మీద రిపోర్టు రాసిస్తడు. ఆయన అడిగేది మూడు ప్రశ్నలు. చెట్టుగానీ కొమ్మగానీ విరిగే అవకాశం ఎంత? విరిగితే దేనిమీద పడ్తది? పడితే ఎంత నష్టం? ఎండిన మోడు చేనుగట్టు మీదుంటే ముప్పు తక్కువ. అదే మోడు అంగన్‌వాడీ వాకిట్ల ఉంటే రేపటిదాక ఆగొద్దు. మోడు ఒక్కటే, జాగ మారితే తీర్పు మారుతది.

పరీక్ష మొదలయ్యేది కంటితోని. చెట్టుచుట్టు తిరిగి మొదలునుంచి చిటారుకొమ్మ దాక చూస్తరు. చెక్క సుత్తెతోని బోదె మీద కొట్టి చప్పుడు వింటరు. అనుమానం తీరకపోతేనే సన్న డ్రిల్లు దింపి లోపల చెక్క గట్టిగున్నదో లేదో చూస్తరు, లేదంటే శబ్ద తరంగాల మిషన్ పెడ్తరు. మిషన్లు మనకాడ లేకపోవచ్చు. కండ్లు, చెవులు ఉన్నయి కదా. ఇవి చూడున్రి:

మొదట్ల, పైకి తేలిన వేర్ల మీద పుట్టగొడుగులు లేస్తున్నయా? అక్కడ చెక్క కుళ్లుతున్నదని గుర్తు. ఎప్పటినుంచో వంగి పెరిగిన చెట్టుకు అంత భయంలేదు, కొత్తగ వంగితే భయం. వంగిన దిక్కుకు ఎదురుదిక్కున మట్టి పగిలి పైకి లేచిందా? లేస్తే వేర్ల పట్టు పోతున్నట్టే, ఆ ఇంట్ల పడుకోవద్దు. రెండు పెద్ద కొమ్మలు ఇరుకుగ కలిసినకాడ బెరడు లోపలికి మడతపడి చీలిక కనిపిస్తున్నదా? గాలికి ముందు చీలేది అక్కడనే. పచ్చటి చెట్ల ఎండిన పెద్ద కొమ్మలున్నయా?

తొర్ర కనిపించంగనే గొడ్డలి పట్టొద్దు. ఇనుప పైపు లోపల బోలుగనే ఉంటది, అయినా నిలబడ్తది. క్లాజ్ మాథెక్ అనే జర్మనీ శాస్త్రవేత్త ఒక లెక్క చెప్పిండు. బోదె నడిమధ్యనుంచి అంచుదాక 30 సెంటీమీటర్లుంటే, చుట్టూ గట్టి చెక్క 10 సెంటీమీటర్ల దాక ఉండాలె. ఇది అందాజ లెక్కనే. తొర్ర ఒకపక్క నోరు తెరిచి ఉంటే ముప్పు ఇంకా ఎక్కువ.

మనకాడ ఇప్పచెట్టు ముచ్చట వేరే చెప్పాలె. పువ్వు ఏరుకునేటందుకు ఎండకాలం చెట్టుకింద ఆకులు కాలపెడ్తరు. ఏటేటా మంట తగిలి మొదట్ల బెరడు చస్తది, ఆ గాయంలకెళ్లే కుళ్లు దిగుతది. ఆకులు ఊడ్చి పక్కకు జరిపితే పువ్వూ దక్కుతది, చెట్టూ దక్కుతది. పైపులైనుకు, సీసీ రోడ్డుకు జేసీబీ పెట్టి చెట్టుకు ఆనుకొని కాల్వ తీస్తే వేర్లు తెగుతయి. తలకాయ మొత్తం నరికితే "ఇగ భయంలేదు" అనుకుంటం. కొత్తగ వచ్చే చిగురుకొమ్మలకు పట్టు తక్కువ, అవి లావెక్కినంక అవే విరుగుతయి.

పరీక్ష చేసినంత మాత్రాన గ్యారంటీ ఏం లేదు. 2024 ఆగస్టు 31న మన గుండాల అవతల, ములుగు జిల్లా తాడ్వాయి అడవిల ఒక్క గాలివానకు వేల చెట్లు కూలినయి. అసొంటి గాలికి నిలబడ్తదని ఏ నిపుణుడూ రాసియ్యడు. మామూలు గాలికే పడే చెట్టు ఏదో ముందుగాల పట్టుకునుడే పరీక్ష పని.

తీర్పంటే కొట్టుడు ఒక్కటే కాదు. ఎండిన కొమ్మ తీసేస్తే సరిపోవచ్చు. కొమ్మకు ఊతం పెట్టొచ్చు. కొట్టాన్నే పక్కకు జరపొచ్చు. మహబూబ్‌నగర్ పిల్లలమర్రికి చెదలు పట్టి, 2017 డిసెంబర్‌ల పెద్ద కొమ్మ విరిగింది. జనాన్ని లోపలికి రానియ్యకుండ ఆపి, సెలైన్ సీసాలతోని మందు ఎక్కించిన్రు, బరువు కొమ్మలకు ఊతాలు కట్టిన్రు. పేరున్న మర్రికి దొరికిన డాక్టరు మన పెరట్ల చింతకు ఎందుకు దొరకడు?

చట్టం ముచ్చట గూడ యాదిలుంచుకోవాలె. 2002 వాల్టా చట్టం కింద సొంత జాగల చెట్టైనా కొట్టాలంటే ముందు అనుమతి కావాలె. కొన్ని రకాలకే మినహాయింపు. రేంజ్ ఆఫీసుల అడిగినంకనే గొడ్డలి ముట్టాలె. తీగలకు తగిలిన కొమ్మను మీరు అస్సలు ముట్టొద్దు. 1912కు ఫోన్ చేసి లైన్ బంద్ చేయించున్రి. కానీ అనుమతి కాగితం కొట్టొచ్చా వద్దా అనే చెప్తది. కొమ్మ తీస్తే సరిపోతదా అని చూసి చెప్పే మనిషి ఊరికి కావాలె.

అందుకే అడగాల్సింది ఇది. ప్రతి రేంజ్ ఆఫీసుల చెట్టు పరీక్ష నేర్చిన మనిషి ఒకరుండాలె. గాలిదుమారాలు రాకముందే బడి, అంగన్‌వాడీ, ఇండ్ల కాడి పెద్ద చెట్లు చూసి పేదోళ్లకు ఉచితంగ కాగితం రాసియ్యాలె. ఆ మనిషికి కట్టె బేరంతోని సంబంధం ఉండొద్దు. సిద్దిపేట జిల్లా ములుగుల ఫారెస్టు కాలేజీ ఉన్నది. అక్కడి చదువు, చెట్లెక్కే మన కోయ పిల్లల చెయ్యి కలిస్తే ఇదొక ఉపాధి అయితది. వచ్చే గ్రామసభల ఈ ముచ్చట రాయించున్రి.

మన రెడ్డిపల్లి వనజీవి రామయ్యకు 2017ల పద్మశ్రీ వచ్చింది. బతుకంత మొక్కలు నాటి, మనకు నాటుడు నేర్పిపోయిండు. పెరిగినదాన్ని చూసుకునుడు మనం నేర్వాలె. ఈ ఆదివారం మీ ఇంటి చెట్టుచుట్టు ఒక్కసారి తిరిగి, మొదలు కాడ వంగి చూడున్రి.